ఆచార్య జగదీశచంద్ర బోసు మహాశయుడు

హైదరాబాదునుండి మహబూబునగరమునకు బోవు త్రోవలో షాద్‌నగరమను పట్టణము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలు క్రొత్తగా విభజింపబడువరకు ఇది మహబూబునగరము జిల్లాలోనిదే. అచ్చట జాతీయ దూరసంవేదన కేంద్రమువారి భూకేంద్రమొకటి 1979 మొదలు పనిచేయుచున్నది. పెద్ద పళ్లెరములవంటి లోహపు గ్రాహకములు ఆకాశమువైపు మోములెత్తుకొని, భూమిచుట్టు దిరుగు కృత్రిమోపగ్రహములు పంపు వార్తల నందుకొనుచుండును. ఆ యుపగ్రహములలో గొన్ని సూర్యకాంతియందు భూమిని ఛాయాచిత్రము దీయునట్టివి. మఱికొన్ని తామే రేడియో తరంగములను భూమిపైకి విడిచి, కొండలనుండియు, గుట్టలనుండియు, బీళ్లనుండియు మఱలివచ్చు ప్రతిఫలనమును బట్టుకొని, దానినుండి చిత్రమును నిర్మించునట్టివి. ఈ రెండవ పద్ధతికే రాడారు అని పేరు. మేఘములు గ్రమ్మినను, చీకటి పడినను దీని చూపునకు అడ్డులేదు. భూతత్త్వవేత్తలు ఈ చిత్రములను జదివి, శిలాపొరలు ఎచ్చట మడతపడినవో, ఎచ్చట విఱిగినవో గుర్తించి, పెట్రోలియమను శిలాతైలమును ఏ ప్రాంతమున వెదుకదగునో నిశ్చయించుకొనుటకు వీనినొక సాధనముగా వాడుచున్నారు.

కంటికి గానరాని యీ తరంగములు ఏ పదార్థమును దాకినపుడు మఱలును, దేనిలోనుండి చొచ్చుకొనిపోవును, దేనిలో బడి యడగిపోవును అను ప్రశ్నలను మన దేశమున మొట్టమొదట వేసి, తాను జేయించుకొన్న చిన్న పరికరములతో సమాధానములు రాబట్టిన మహనీయుడు ఆచార్య జగదీశచంద్ర బోసు. చెట్లకు సుఖదుఃఖములున్నవని చెప్పినవాడుగా ఆయన పేరు మన విద్యార్థులెల్లరు నెఱుగుదురు. ఆయన జీవితములోని మొదటి ఘట్టమును, రాళ్లను తరంగములతో బ్రశ్నించిన కాలమును, ఎఱిగినవారు తక్కువ. కావున ఆ మహాశయుని చరిత్రమును సంగ్రహముగా నిట వ్రాయుచున్నాను.

జననము – బాల్యము

జగదీశచంద్రుడు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమందలి మైమెన్‌సింగున జన్మించెను. ఆ పట్టణ మిప్పుడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి భగవాన్‌చంద్ర బోసు ఫరీద్‌పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటుగా నుండెను. తల్లి బామసుందరీదేవి. ఆ కాలమున ఉద్యోగస్థుల బిడ్డలు ఇంగ్లీషు పాఠశాలలకు బోవుట గౌరవముగా నెంచబడుచుండెను. భగవాన్‌చంద్రుడు మాత్రము, బిడ్డ మొదట మాతృభాషను నేర్వవలెననియు, తన చుట్టునున్న సామాన్య జనులతో గలసి పెరుగవలెననియు దలచి, వానిని గ్రామపు బడికే పంపెను. అచ్చట జగదీశుని కొకప్రక్కన తండ్రి బంట్రోతు కుమారుడును, మఱియొకప్రక్కన జాలరివాని కుమారుడును గూర్చుండెడివారు. వారు చెప్పు చేపల కథలును, పక్షుల కథలును, నీటిమొక్కల కథలును వినుచు బాలుడు ప్రకృతి పరిశీలనమున నాసక్తుడయ్యెను.

ఆ బడికి జగదీశుని భుజములపై నెక్కించుకొని పోవు సేవకు డొకప్పుడు బందిపోటు దొంగ. భగవాన్‌చంద్రుడే వానికి శిక్ష విధించెను. శిక్ష ముగిసి వచ్చి బ్రతుకుదెరువు లేక నిలిచిన వానిని ఆయనయే తన యింట బనికి బెట్టుకొనెను. తన ముద్దుబిడ్డను వాని చేతి కప్పగించుటకు జంకలేదు. ఆ మనుష్యుడును కడవఱకు విశ్వాసముతో మెలగెను. మనుష్యుని పైరూపమును మాత్రమే చూచి లోపలి గుణమును నిర్ణయింపరాదను పాఠమును బాలుడు పుస్తకము తెఱవకముందే నేర్చుకొనెను.

మహాభారత కథలలో ఆ బాలునకు మిక్కిలి నచ్చిన వీరుడు కర్ణుడు. జన్మముచేత గలిగిన తక్కువతనమును లెక్కచేయక, ఓటమి నిశ్చయమని తెలిసియు, మాట తప్పక నిలిచినవాడని కర్ణునియం దాయనకు గౌరవము. ముందు జరుగబోవు సంగతులను జూచినచో ఈ యభిమాన మూరక కలిగినది కాదని తోచును.

విద్యాభ్యాసము

1869వ సంవత్సరమున జగదీశుని కలకత్తాకు బంపిరి. హేర్ పాఠశాలలో గొలదికాలము చదివి, పిదప సెయింట్ జేవియరు పాఠశాలలో జేరెను. పల్లెటూరి బిడ్డయని పట్టణపు బాలురు పరిహసించిరి. బలశాలియైన యొక బాలుడు పోరునకు బిలువగా, దెబ్బలు దిని దిని తుద కాతని నోడించి, ఆ పరిహాసమునకు ముగింపు జెప్పెను.

అదే విద్యాలయపు కళాశాలలో ఫాదర్ యూజీను లఫోను అను బెల్జియము దేశపు మిషనరీ ప్రకృతిశాస్త్రమును బోధించుచుండెను. ఆయన 1865లో కలకత్తాకు వచ్చిన గురువు. శాస్త్రమును బలపమునకును పలకకును పరిమితము చేయక, ప్రతి సూత్రమును ప్రయోగమున జూపుట ఆయన యలవాటు. తానొక నక్షత్రశాలను నిర్మించెను. 1876లో డాక్టరు మహేంద్రలాల్ సర్కారుగారు భారతీయ విజ్ఞానపరిషత్తును స్థాపింపగా దానికి దోడ్పడెను. తన యుపన్యాసములకు పరికరములను సిద్ధపఱచుటలో నాయన చూపు నేర్పును జగదీశచంద్రుడు శ్రద్ధతో గమనించెను. ఒక్క మంచి యుపాధ్యాయుని ప్రభావ మెంత దూరము బోవునో చెప్పుట కీ గురుశిష్యుల సంబంధమే చాలును. శిష్యుని ప్రతిభ లోకమునకు దెలిసిన పిమ్మట ఆయన దానిని బహిరంగముగ బ్రకటించి సంతోషించెను.

పట్టము పొందిన వెనుక జగదీశుడు ఇంగ్లండునకు బోయి సివిలు సర్వీసు పరీక్షకు గూర్చుండ దలచెను. ఇతరులపై నధికారము చలాయించు ఉద్యోగము తన కుమారునకు వలదనియు, విద్వాంసుడైన జాలుననియు తండ్రి చెప్పెను. తండ్రి తేయాకు తోటలు, కర్మాగారములు పెట్టించి, ప్రజలకు మేలు చేయబోయి ఋణములపా లయ్యెను. ప్రయాణపు వ్యయమునకై తల్లి తన నగల నమ్ముటకు సిద్ధపడెను. 1880లో జగదీశుడు లండను నగరము చేరి వైద్యవిద్య నారంభించెను. అస్సాము ప్రాంతమున దగిలిన జ్వరము విడువక పీడించుచుండెను. శవములను గోయు గదిలోని దుర్గంధముచే నది మఱింత హెచ్చెను. వైద్యవిద్యను మానుకొనవలసి వచ్చెను. అంతట కేంబ్రిడ్జిలోని క్రైస్ట్సు కళాశాల జేరి ప్రకృతిశాస్త్రములను జదివెను. సుప్రసిద్ధుడైన రేలీ ప్రభు వాయనకు భౌతికశాస్త్ర గురువు. 1884లో కేంబ్రిడ్జి పట్టమును, లండను పట్టమును గూడ బొంది స్వదేశమునకు మఱలెను.

ఉద్యోగము – జీతపు వివాదము

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్య పదవి లభించెను. భారతీయులు శాస్త్రమును బోధింపజాలరను నభిప్రాయ మప్పటి యధికారులలో బాతుకొనియుండెను. ఐరోపీయుడైన ఆచార్యునకు వచ్చు జీతములో మూడింట రెండు పాళ్లే భారతీయునకు ముట్టుచుండెను. జగదీశచంద్రుని నియామకము తాత్కాలికమైనందున నందులోను సగమే యియ్యబూనిరి. అనగా పని యొక్కటియే. జీతము మాత్రము మూడవవంతు.

ఆయన కేకలు వేయలేదు, పని మానలేదు. వేళకు తరగతికి బోయి, ఎవ్వరికిని దీసిపోని విధమున బోధించెను. జీతము మాత్రము ముట్టనని చెప్పి మూడు సంవత్సరములు ఒక్క రూపాయియు బుచ్చుకొనలేదు. ఆ కాలమున నింట ఋణభారముండెను. 1887లో అబలాదేవిని వివాహమాడి క్రొత్త సంసారమును బెట్టియుండెను. ఆమె విదుషీమణి. కలకత్తా వైద్యకళాశాలలో స్త్రీలకు బ్రవేశము లేనందున మన చెన్నపట్టణమునకు వచ్చి వైద్యము జదివినది. ఆరోగ్యము చెడుటచే చదువు పూర్తికాలేదు. భర్త పట్టుదలకు ఆమె తోడు నిలిచెను. తుదకు అధికారులు ఆయన బోధనాసామర్థ్యమును గ్రహించి, పూర్తి జీతమును మొదటి దినమునుండి లెక్కగట్టి యొక్కసారిగ నిచ్చిరి. ఆ సొమ్ముతో ఆయన తండ్రి ఋణములను దీర్చెను.

చిన్న గదిలో పెద్ద పని

ఇంతవఱకు ఆయన యుత్తమ బోధకుడు మాత్రమే. 1894వ సంవత్సరమున తన జన్మదినము నాడు, ఇకమీదట నూతన పరిశోధనకు దన జీవితమును వినియోగింపవలెనని నిశ్చయించుకొనెను. కళాశాలలో బరిశోధనాలయము లేదు. ద్రవ్యసహాయము లేదు. రోజంతయు తరగతులు. స్నానపుగది ప్రక్కనున్న ఇరువదినాలుగు చదరపుటడుగుల చిన్న గదియే ఆయన ప్రయోగశాల. చదువురాని యొక రేకు పనివానికి దగిన తర్ఫీదిచ్చి, వానిచేత బరికరములను జేయించుకొనెను.

ఆ దినములలో శాస్త్రలోకమున గొప్ప సంచలనము కలుగుచుండెను. వెలుతురును విద్యుత్తరంగమే యని స్కాట్లండు దేశీయుడైన మాక్సువెల్ లెక్కలచేత ముందే చెప్పియుండెను. 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశీయుడైన హెర్జ్ అట్టి తరంగములను నిజముగా బుట్టించి, లోహపు రేకునుండి అవి యద్దమునుండి వెలుతురువలె మఱలుటను జూపెను. కాని హెర్జ్ వాడిన తరంగములు మూరెడు మొదలు కొన్ని గజముల వఱకు పొడవైనవి. అంత పొడవైన తరంగముల స్వభావమును బరీక్షించుటకు గదియంత పెద్ద పరికరములు కావలెను. చిన్న స్ఫటికముతోనో చిన్న రాతితోనో వానిని బరీక్షించుట సాధ్యము కాదు.

జగదీశచంద్రుని ప్రజ్ఞ ఇక్కడనే వెల్లడియైనది. తరంగమును జిన్నదిగా జేసినచో పరికరమును జిన్నదగును, పరీక్షయు సూక్ష్మమగునని ఆయన యూహించెను. చిన్న లోహగోళముల నడుమ విద్యుత్ స్ఫులింగమును బుట్టించి, రెండున్నర సెంటీమీటర్లు మొదలు అర సెంటీమీటరు వఱకు గల తరంగములను సృష్టించెను. వానిని ఒకే దిక్కునకు నడుపుటకు లోహపు గొట్టమును, గ్రహించుటకు గరాటువంటి మూతిని, తెలిసికొనుటకు సన్నని ఉక్కుచుట్టల గ్రాహకమును అమర్చెను. పరికరమంతయు నొక చిన్న పెట్టెలో నిముడునట్టిది. 1895లో కలకత్తాలో ప్రజల సమక్షమున నీ తరంగములను మూడు గోడల గుండ బంపి, డెబ్బదియైదు అడుగుల దూరమున గంట మ్రోయించి, తుపాకిమందు నంటించి చూపెను.

ఈ గారడివంటి ప్రదర్శనము జనుల నాశ్చర్యపఱచెను. కాని శాస్త్రజ్ఞులను మెప్పించినవి మఱికొన్ని నిరాడంబర ప్రయోగములు. ఆయన పదార్థముల నొక్కొక్కటిగా దన తరంగముల కెదుట నిలిపి, పరీక్షింప దొడంగెను. వెలుతురునకు అడ్డగించు ఎండిన ఇటుక యీ తరంగములకు దారియిచ్చును. నల్లని కీలు దారియిచ్చును. కంటికి దేటయైన నీరు మాత్రము వీనిని లోపల మింగివేయును. గంధకముతో బట్టకమును జేసి, తరంగము దానిలో నెంత వంగునో కొలిచెను. రెండు గాజు పట్టకముల నడుమ నున్న గాలిసందు ఎంత వెడల్పుగ నున్న తరంగము దాటునో, ఎప్పుడు పూర్తిగ మఱలునో కనుగొనెను. నార గల ఖనిజములు, అల్లిన జనుపనార, పుటలనడుమ తగరపు రేకులను జొప్పించిన రైళ్ల వేళల పుస్తకము – ఇవన్నియు తరంగమును ఒక దిశలో బోనిచ్చి మఱియొక దిశలో నాపునని నిరూపించెను. పదార్థముయొక్క లోపలి అమరికను దానిపై బడిన తరంగము బయటికి జెప్పునను సత్య మిందు స్పష్టమయ్యెను.

ధ్రువణమునుగూర్చిన తొలి వ్యాసమును 1895 మే నెలలో వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ యెదుట జదివెను. రేలీ ప్రభువు మూలమున తరువాతి వ్యాసములు లండను రాయల్ సొసైటీకి జేరెను. 1896లో లండను విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నిచ్చెను. అదే సంవత్సరము తన చిన్న పెట్టెతో నింగ్లండునకు బోయి, లివర్‌పూలు నగరమున బండితుల సభలో బ్రయోగములు చూపగా, వృద్ధుడైన కెల్విను ప్రభువు మిక్కిలి యభినందించెను. 1897 జనవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనున నుపన్యసించెను.

ధనమును గాదన్న పరిశోధకుడు

అప్పుడే ఇటలీ దేశపు యువకుడు మార్కోనీ పొడవైన తరంగములతో దూరదేశములకు వార్తలు పంపు పనిలో నుండెను. దానిలో గొప్ప ధనము గలదని వర్తకులు గ్రహించిరి. జగదీశచంద్రుని యొద్దకును ధనాశ జూపుచు వచ్చిరి. కనుగొన్న సంగతులను దాచి హక్కుపత్రములు బొందుట జ్ఞానమునకు గట్టు కట్టుటయని ఆయన మతము. తన పరికరముల నిర్మాణమును సభలలో దాపఱికము లేకుండ జెప్పివేసెను.

అయినను ఆయన పేర నొక హక్కుపత్రము లేకపోలేదు. గెలీనా యనునది సీసపు ఖనిజము. దాని స్ఫటికమును సన్నని లోహపు మొనతో దాకించినచో అది తరంగములను బట్టుకొను గ్రాహకమగునని ఆయన కనుగొనెను. సారా బుల్ అను అమెరికను స్నేహితురాలు పట్టుబట్టి దరఖాస్తు చేయింపగా, 1904 మార్చి 29వ తేదీన అమెరికా ప్రభుత్వ మా పరికరమునకు హక్కుపత్ర మిచ్చెను. దానివలన నాయన ధనమును గడింపలేదు. గడువు తీరిపోనిచ్చెను. పిమ్మట నిట్టి స్ఫటికములే తొలినాటి రేడియో యంత్రములలో లక్షలాది యిండ్ల జేరినవి.

మొక్కల లోకము

ఖనిజ గ్రాహకము లెక్కువసేపు పనిచేసిన పిదప నలసినట్లు మందగించుటయు, విశ్రాంతి నిచ్చినచో దేరుకొనుటయు జూచి, జీవము గల పదార్థములకును లేని పదార్థములకును నడుమ నున్న పోలికలవైపు ఆయన దృష్టి మఱలెను. 1901లో రాయల్ సొసైటీలో నీ విషయమును జెప్పగా జీవశాస్త్రజ్ఞులు తీవ్రముగ నెదిరించిరి. ఆయన వ్యాసము ముద్రణ నిలిచిపోయెను. బోసు వాదములో దిగక, మఱింత సున్నితమైన యంత్రములను నిర్మించుటకు బూనుకొనెను. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగ జూపు క్రెస్కోగ్రాఫు వానిలో బ్రసిద్ధము. ఆయన సిద్ధాంతములలో గొన్నిటిని తరువాతి పండితు లంగీకరించిరి, కొన్నిటిని అంగీకరింపలేదు. మొక్కలలో విద్యుత్సంకేతములు ప్రసరించునను మాట మాత్రము నిలిచినది.

1915లో ఉద్యోగమునుండి విరమించి, 1917 నవంబరు 30వ తేదీన, తన యేబదితొమ్మిదవ జన్మదినమున, కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించెను. మిత్రుడైన రవీంద్రనాథ టాగూరు ఆ సందర్భమునకై గీతమును రచించెను. అదే యేట జగదీశునకు సర్ బిరుదము వచ్చియుండెను. 1920లో రాయల్ సొసైటీ తన సభ్యునిగ నెన్నుకొనెను. 1937 నవంబరు 23వ తేదీన, డెబ్బదితొమ్మిది నిండుటకు వారము దినము లుండగా, గిరిడీ యందు ఆయన స్వర్గస్థుడయ్యెను.

ఆయన వేసిన బాట యెచ్చటికి బోయినది

జగదీశచంద్రుడు రాడారును నిర్మింపలేదు, నూనెను వెదకలేదు. ఈ మాట దాచవలసిన పనిలేదు. రాడారు చరిత్ర వేఱు. 1904లో హుల్స్‌మేయరు అను జర్మనుడు తరంగ ప్రతిఫలనముచే నోడలను బసిగట్టు యంత్రమును జూపెను. 1935 ఫిబ్రవరిలో వాట్సను వాట్ ఇంగ్లండులో విమానమునుండి మఱలివచ్చిన తరంగమును గ్రహించి చూపెను. అప్పటికి బోసు జీవించియే యుండెను. రెండవ ప్రపంచ యుద్ధమున సెంటీమీటర్ల తరంగములను బలముగ బుట్టించు యంత్రము సిద్ధమైన వెనుక, ఆయన నలుబదియైదేండ్లు ముందుగా దిరుగాడిన చిన్న తరంగముల దారినే శాస్త్రలోకము మఱల బట్టెను.

యుద్ధము ముగిసిన పిదప ఆ విద్య భూమిని జూచుటకు మఱలినది. పనామా దేశమున దారియెన్ అను ప్రాంతము నిత్యము మేఘములచే గప్పబడి, ఎన్నడును చక్కని ఛాయాచిత్రమునకు జిక్కనిది. 1967లో విమానమునుండి ఒక సెంటీమీటరునకు దక్కువ పొడవు గల తరంగములతో దానిని చిత్రించిరి. 1970 తరువాత బ్రెజిలు ప్రభుత్వము మూడు సెంటీమీటర్ల తరంగములతో అమెజాను మహారణ్యమును పటముగా దీయించెను. చిన్న గదిలో బోసు పుట్టించిన తరంగముల కొలతలకు నివి చాల దగ్గఱివి.

ఇట్టి చిత్రములందు నూనె జాడ యెట్లు దొరకును? తరంగము ప్రక్కవాటుగ భూమిని దాకును. దాని కెదురుగా నున్న కొండవాలు తెల్లగ మెఱయును. వెనుకవైపు నీడగ నల్లనగును. నిశ్చలమైన నీరు అద్దమువలె తరంగమును ఆవలికి ద్రోసివేయుటచే నల్లగ గనబడును. ముతకరాళ్ల నేల నలుదిక్కుల జల్లుటచే దెల్లగ గనబడును. ఈ వెలుగునీడలవలన శిలాపొరల గుబ్బలు, బీటలు, వానిచుట్టు వంగిన వాగుల వంకరలు స్పష్టమగును. భూగర్భమున నూనె నీటికంటె దేలికయగుటచే మీదికి బ్రాకి, బోర్లించిన గిన్నెవలె వంగిన గట్టి పొర క్రింద నిలిచియుండును. కావున అట్టి గుబ్బ కనబడినచోట వెదుకుట లాభకరము. సముద్రముమీద నైతే అడుగునుండి యూరిన నూనె చిన్న యలల నణచివేయును. అందుచే నాచోటు చిత్రమున నల్లని మఱకవలె దోచును.

1981 నవంబరులో అమెరికా వారి కొలంబియా నౌక నుండి తీసిన రాడారు చిత్రములలో సహారా యెడారి యిసుక క్రింద నిండిపోయిన ప్రాచీన నదుల గర్భములు కనబడెను. ఎండిన యిసుక తరంగమునకు దారియిచ్చినది. ఎండినది దారియిచ్చును, నీరు అడ్డగించును అని బోసు గదిలో దెలిసిన సంగతియే యిది.

కాని యొక హద్దు గలదు. ఆ యెండిన యిసుకలోనే తరంగము కొన్ని యడుగులకు మించి పోలేదు. నూనెయో వేలాది యడుగుల లోతున నుండును. రాడారు నూనెను జూడదు. భూమి మోమును మాత్రమే చూచును. పిదప భూమిని గుదిపి లోపలి ప్రతిధ్వనిని వినవలెను. తుదకు బోరు త్రవ్వి చూడవలెను. కృష్ణా గోదావరీ ముఖములకెదుట సముద్రగర్భమున 2002లో గొప్ప సహజవాయు నిక్షేపము దొరకినదియు, 2009లో దానిని దీయనారంభించినదియు అట్టి ప్రతిధ్వనుల పరీక్షచేతను, త్రవ్వకములచేతను గాని, ఒక్క చిత్రముచేత గాదు.

మన మెట్టనేల

మన నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మాట యేమి? కృష్ణ యొడ్డున వాడపల్లి, హుజూర్‌నగరము ప్రాంతముల సున్నపురాతి పొరలు మున్నగునవి తప్ప, మన నేలలో హెచ్చుభాగము రెండువందలయేబది కోట్ల సంవత్సరములకు బైబడిన నల్లసేనపు రాయి. కరిగిన రాయి చల్లారి గట్టిపడిన యీ శిలలో నూనె పుట్టదు. ఎవ్వరైన మన పొలమున నూనె యున్నదని చెప్పి సొమ్మడిగినచో నమ్మదగదు.

మనకు నూనెకంటె విలువైనది నీరు. ఈ రాతిలో నీరు పైని మెత్తబడిన పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నిలుచును. నల్లరాతి గట్లు కొన్నియెడల నేలలోని నీటి నడకకు అడ్డుకట్టలగును. పగులు తప్పిపోయిన రైతునకు బోరు త్రవ్వించిన సొమ్మంతయు దుమ్మే మిగులును. ఒక బోరు తరువాత నింకొక బోరు త్రవ్వించి యప్పులపాలైన కుటుంబములు మన పాఠశాల పిల్లల యిండ్లలోనే గలవు. నల్లగొండ జిల్లాలో నీరు దొరకినను ఫ్లోరైడు దోషముచే నెముకలు వంగిపోయినవా రెందఱో. నాగపూరు పరిశోధకులు పటికయు సున్నమును గలిపి యా దోషమును దీయు పద్ధతిని కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. ఒక జిల్లాకు వచ్చిన కీర్తి యిట్టిది!

అందుచేతనే షాద్‌నగరమున జేరు చిత్రములు మనకు బరాయివి కావు. ఉపగ్రహ చిత్రములలో బగుళ్ల గీతలను, నల్లరాతి గట్లను గుర్తించి, నేలపై నడచి సరిచూచి, భూజలము లభించు చోట్ల పటములను జాతీయ దూరసంవేదన కేంద్రమువారు మన దేశమునకు దయారుచేసియున్నారు. 2012 ఏప్రిలు 26వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసిన రీశాట్-1 అను రాడారు ఉపగ్రహపు వార్తలు ఈ షాద్‌నగరమునకే చేరినవి. దాని తరంగము అయిదారు సెంటీమీటర్ల పొడవు గలది.

ముగింపు

బాలబాలికలారా! పటము చూచి బోరు పాయింటు చెప్పు వాడును, టెంకాయ చేతబట్టి చెప్పు వాడును మీ తండ్రుల యొద్దకు వచ్చుచుందురు. వారిలో నెవ్వని మాట నమ్మదగునో నిర్ణయించు విధమును జగదీశచంద్రుని జీవితము చూపుచున్నది. ఆయన ఏ పదార్థమును గుఱించియు ముందుగ నభిప్రాయ మేర్పఱచుకొనలేదు. దానిని తరంగమున కెదుట నిలిపి, వచ్చిన సమాధానమును గొలిచి, మఱల గొలిచి, ఇతరులు సరిచూచుకొనుటకు వీలుగ దాపఱికములేక చెప్పెను. జీతము తక్కువయైననాడును, గది యిఱుకైననాడును, పండితులు కాదన్ననాడును ఈ పద్ధతిని విడువలేదు.

మన బడిలో గొప్ప పరికరములు లేవని చింతింపనక్కఱలేదు. మన చుట్టు గుట్టలున్నవి, బావులున్నవి, ఎండిన బోర్లును నిండిన బోర్లును ఉన్నవి. మీ యూరిలో నేబోరు ఎంతలోతున నీరిచ్చినది, ఏది యెండినది, ప్రక్కన నల్లరాతి గట్టున్నదా లేదా యని యొక పుస్తకమున వ్రాసియుంచుడు. నాలుగు సంవత్సరములు శ్రద్ధగ వ్రాసిన యా లెక్క, ఆకాశమునుండి వచ్చు చిత్రమునకు మీ నేల యిచ్చు సాక్ష్యమగును. మీ యింటివారు మఱియొక బోరునకు అప్పు తెచ్చుటకు ముందు ఆ పుస్తకమును వారి యెదుట నుంచుడు.